బ్యూటీషియనా, కాస్మెటాలజిస్టా, డాక్టరా? చర్మ సంరక్షణ చదువుల చిక్కుముడి

ఇంటర్ పూర్తిచేసిన మా బంధువుల అమ్మాయి ఈ వేసవిలో కావలి నుంచి వచ్చి నా ముందు మూడు కరపత్రాలు పరిచింది. మూడూ ఉదయపు పేపర్ల మధ్య పెట్టి పంచినవే. మొదటిది 45 రోజుల్లో కాస్మెటాలజిస్టును చేస్తానంటోంది. రెండోది మూడు నెలల్లో స్కిన్ థెరపీ డిప్లొమా ఇస్తానంటోంది. మూడోదాని మీద అంతర్జాతీయ గుర్తింపు అని పెద్ద అక్షరాల్లో ఉంది గానీ, గుర్తించింది ఎవరో ఆ కాగితంలో ఎక్కడా లేదు. "వీటిలో ఏది చేస్తే స్కిన్ డాక్టరు అవ్వచ్చు బాబాయ్?" అని అడిగింది. ఏదీ కాదన్నాను. అలా అని ఊరుకుంటే సరిపోదనీ, అసలు చిక్కంతా ఆ ప్రశ్నలోనే ఉందనీ తర్వాత అనిపించింది. నెల్లూరు, ఒంగోలు వంటి ఊళ్ళలో వీధికో పార్లరు ఉన్న ఈ రోజుల్లో కూడా ఈ వృత్తిలోకి దారులెన్ని, ఏ దారి ఎక్కడిదాకా పోతుంది అన్నది చాలా కుటుంబాలకు స్పష్టంగా తెలియదు. పిల్ల పదో తరగతి తప్పితే పంపే చదువుగా దీన్ని చూసే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. ఆ చిన్నచూపు వల్లనే కాబోలు, ఇంజినీరింగ్ కాలేజీ గురించి పదిమందిని వాకబు చేసే తండ్రి ఇక్కడ కరపత్రం చూసి ఫీజు కట్టేస్తాడు.

ముందు పేర్ల సంగతి తేల్చుకోవాలి. డెర్మటాలజిస్ట్ అంటే వైద్యుడు. నెల్లూరు ఏసీ సుబ్బారెడ్డి ప్రభుత్వ వైద్య కళాశాలలో చేరినా మరెక్కడ చేరినా ఆ దారి ఒక్కటే: నీట్ రాసి, ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేళ్ళ ఎంబీబీఎస్ పూర్తిచేసి, ఆపైన చర్మ, సుఖ, కుష్ఠు వ్యాధుల విభాగంలో మూడేళ్ళ ఎండీ చెయ్యడం. జబ్బును గుర్తించడం, మందు రాయడం, సూది వెయ్యడం ఆ చదువు ఇచ్చే అధికారాలు. బ్యూటీషియన్ అనే మాట దీనికి పూర్తిగా అవతలి ఒడ్డున ఉంది. త్రెడింగ్, వాక్సింగ్, ఫేషియల్, పెళ్ళికూతురి అలంకరణ అన్నీ అందులో కలిసిపోతాయి. పాశ్చాత్య దేశాల్లో చర్మ సంరక్షణను మాత్రమే వృత్తిగా చేసుకున్న వారిని ఎస్తెటీషియన్ అంటారు. మన దగ్గర ఆ పేరు పెద్దగా వాడుకలోకి రాలేదు, దాని స్థానంలో స్కిన్ థెరపిస్ట్, బ్యూటీ థెరపిస్ట్ వంటివి వినిపిస్తున్నాయి.

అసలు గందరగోళం కాస్మెటాలజిస్ట్ అన్న మాటతో వస్తుంది. అమెరికాలో ఆ మాటకు జుట్టు, గోళ్ళు, చర్మం మూడూ చూసే సెలూన్ నిపుణులని అర్థం. మన దేశంలో ఐటీఐలో కాస్మెటాలజీ పేరుతో ఒక ట్రేడ్ ఉంది, అది పూర్తిచేసిన వారూ ఆ మాట వాడుకోవచ్చు. అదే సమయంలో ఎంబీబీఎస్ తర్వాత సౌందర్య చికిత్సల్లో అదనపు శిక్షణ పొందిన డాక్టర్లు కూడా తమ బోర్డుల మీద కాస్మెటాలజిస్ట్ అనే రాయించుకుంటారు. డాక్టరు బోర్డు మీద చదివిన మాటనే పార్లరు బోర్డు మీద కూడా చూసినప్పుడు, ఇక్కడా అదే వైద్యం దొరుకుతుందని జనం అనుకోవడంలో వింతేమీ లేదు. చివరన 'లజిస్ట్' వచ్చేసరికి మనవాళ్ళకు తెల్లకోటు కనిపిస్తుంది మరి.

రెండో చిక్కు చట్టానిది. అమెరికాలో ఫేషియల్ చేసి డబ్బు తీసుకోవాలంటే రాష్ట్రం ఇచ్చే లైసెన్స్ తప్పనిసరి. దానికి ముందు గుర్తింపు ఉన్న పాఠశాలలో టెక్సాస్‌లో అయితే 750 గంటలు, కాలిఫోర్నియాలో అయితే 600 గంటలు శిక్షణ పొంది, పరీక్ష నెగ్గాలి. పెళ్ళయి అక్కడికి వెళ్ళిన మన జిల్లాల ఆడపిల్లలు కొందరు, ఇక్కడ ఏళ్ళ తరబడి పార్లరు నడిపిన అనుభవం ఉండి కూడా, అక్కడ నేరుగా పనిలో చేరలేకపోవడానికి కారణం ఇదే. మన దేశంలో అలాంటి వ్యక్తిగత లైసెన్స్ ఏదీ లేదు. పార్లరు తెరవాలంటే మునిసిపాలిటీ ట్రేడ్ లైసెన్స్, దుకాణాలు సంస్థల చట్టం కింద నమోదు వంటివి కావాలి; అవి దుకాణానికి సంబంధించినవే తప్ప, లోపల పనిచేసే మనిషికి పని వచ్చా రాదా అని అడిగేవి కావు. కాబట్టి గోడ మీది సర్టిఫికేట్ ఇక్కడ అనుమతి పత్రం కాదు. అది మహా అయితే ఒక సాక్ష్యం. ఆ సాక్ష్యం ఎవరిది, ఎంత బలమైనది అన్న దాన్నిబట్టే దాని విలువ.

బలమైన సాక్ష్యాల్లో మొదట చెప్పవలసింది ఐటీఐ కాస్మెటాలజీ. పదో తరగతి పాసైన వారికి ప్రవేశం, ఏడాది చదువు, చివర అఖిల భారత స్థాయిలో పరీక్ష, నెగ్గితే జాతీయ ట్రేడ్ సర్టిఫికేట్. ఫీజు తక్కువ, గంటలు ఎక్కువ, ఆర్భాటం శూన్యం. ఆర్భాటం లేకపోవడం వల్లనే ఆడపిల్లల తల్లిదండ్రుల కంటికి ఇది ఆనదు. దీని తర్వాతది, నైపుణ్య కోర్సులను స్థాయిలవారీగా మెట్లుగా పేర్చే జాతీయ నైపుణ్య అర్హతల చట్రం కింద నడిచే కోర్సులు. 2013లో ఆ చట్రాన్ని కేంద్రం నోటిఫై చేసింది. సౌందర్య రంగానికి బ్యూటీ అండ్ వెల్‌నెస్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ పాఠ్య ప్రమాణాలు తయారుచేస్తుంది. అసిస్టెంట్ బ్యూటీ థెరపిస్ట్ ఒక మెట్టు, బ్యూటీ థెరపిస్ట్ దాని పై మెట్టు. 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన శిక్షణలు ఈ ప్రమాణాల మీదే నడుస్తాయి. కోర్సు పేరు పక్కన బీడబ్ల్యూఎస్ అక్షరాలతో మొదలయ్యే కోడ్ ఉందా అని అడిగితే సంస్థ ఈ చట్రంలో ఉందో లేదో చాలావరకు తేలిపోతుంది. ఇప్పటికే పదేళ్ళుగా పనిచేస్తున్న వారికి పాత అనుభవాన్ని పరీక్షించి సర్టిఫికేట్ ఇచ్చే ఏర్పాటు కూడా ఇందులోనే ఉంది, ఆ సంగతి తెలిసిన వారు మన ఊళ్ళలో తక్కువ.

సొంతంగా చిన్న పార్లరు పెట్టుకోవాలనుకునే గ్రామీణ మహిళలకు బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థల దారి ఉంది. నెలకు అటూ ఇటూగా సాగే ఈ శిక్షణ ఉచితం, భోజనం వసతి అక్కడే. పనితో పాటు లెక్కలు రాయడం, బ్యాంకు రుణానికి దరఖాస్తు పెట్టడం కూడా నేర్పుతారు. అంతర్జాతీయమని చెప్పుకునే వాటిలో సిడెస్కో నిజంగా పాతది, పేరున్నది. 1946లో ఏర్పడిన ఆ సంస్థ కేంద్ర కార్యాలయం స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో ఉంది. పెద్ద ఊళ్ళలో మంచి ఉద్యోగాలకు, విదేశాలకు అది ఉపయోగపడుతుంది గానీ ఖర్చు బాగా ఎక్కువ. కువైట్ వెళ్ళే ఆలోచన ఉన్నవారు ఏ కోర్సు చేసినా, ఆ సర్టిఫికేట్ ప్రభుత్వ అటెస్టేషన్‌కు నిలుస్తుందా అని చేరకముందే అడగడం మంచిది. ఇక కంపెనీలు తమ క్రీముల మీద ఇచ్చే ఒక రోజు వర్క్‌షాపుల సర్టిఫికేట్లను శిక్షణ కింద లెక్కవేయలేము. అవి అమ్మకపు తరగతులు. అలాంటి ఆరు కాగితాలు ఫ్రేము కట్టించి వరసగా తగిలిస్తే చూడటానికి మాత్రం బాగుంటుంది.

కరపత్రాల్లో రోజులు, నెలలు రాస్తారు. నిజానికి లెక్క చూడవలసింది గంటల్లో. రోజుకు రెండు గంటల చొప్పున 45 రోజులంటే 90 గంటలు. బ్యాచ్‌లో పన్నెండు మంది ఉండి, ఫేషియల్ బెడ్లు రెండే ఉంటే, ఒక్కొక్కరి చెయ్యి పని చేసే సమయం ఆ తొంభైలో ఆరో వంతు, అంటే పదిహేను గంటలు. అందులో త్రెడింగ్, వాక్సింగ్, మెహందీ, జడలు కూడా ఉంటే చర్మానికి మిగిలేది ఎంత? టెక్సాస్ 750 గంటలు చర్మం ఒక్కదానికే అడుగుతోందని పక్కన పెట్టి చూస్తే తేడా అర్థమవుతుంది. అంత సమయం ఎందుకు కావాలన్నది తెలియాలంటే ఆ గంటల్లో నేర్చుకోవలసినదేమిటో చూడాలి.

మొదటిది చర్మం గురించిన జ్ఞానం. పైన కనిపించే బాహ్యచర్మం కాగితమంత పలచన. దాని అడుగు వరసలో పుట్టిన కణం పైకి వచ్చి రాలిపోవడానికి యువతలో సుమారు 28 రోజులు పడుతుంది, వయసు పెరిగే కొద్దీ ఇంకా ఎక్కువ. నెలకొక ఫేషియల్ అనే ఆనవాయితీకి ఆధారం ఇదే. మన ఇళ్ళలో పెళ్ళికి ముందు నలుగు పెట్టి సున్నిపిండితో రుద్దేటప్పుడు జరిగేది కూడా ఆ పై వరసలోని మృతకణాలు రాలడమే. చర్మం పై పొర కొద్దిగా ఆమ్ల గుణం కలిగి ఉంటుంది, దాని పీహెచ్ అయిదుకు అటూ ఇటూ ఉంటుంది. క్షార గుణం ఎక్కువైన సబ్బుతో పదే పదే కడిగితే ఆ రక్షణ దెబ్బతింటుంది. ఇంత మాత్రం తెలిస్తేనే, ముఖం జిడ్డుగా ఉందని రోజుకు ఆరుసార్లు సబ్బుతో కడిగే కాలేజీ పిల్లకు మొటిమలు ఎందుకు తగ్గడం లేదో బ్యూటీషియన్ చెప్పగలుగుతుంది. బ్లీచ్ తెల్లబరిచేది ముఖ్యంగా ముఖం మీది నూగు వెంట్రుకలనే అని కూడా చాలామంది శిక్షణార్థులకు ఎవరూ చెప్పరు. అందులో ఉండేది హైడ్రోజన్ పెరాక్సైడ్, అమోనియా.

రెండోది చర్మపు రంగు. ఇక్కడ పాఠ్య పుస్తకాలతోనే ఒక ఇబ్బంది ఉంది. ప్రపంచమంతా వాడే ఫిట్జ్‌పాట్రిక్ వర్గీకరణ 1975లో తెల్లచర్మం వారికి అతినీల లోహిత కిరణాల చికిత్సలో మోతాదు నిర్ణయించడానికి పుట్టింది. గోధుమ, నలుపు ఛాయలను తర్వాత చేర్చి ఆరు రకాలు చేశారు. మనలో ఎక్కువ మంది నాలుగు, అయిదు రకాల్లోకి వస్తారు. ఈ చర్మానికి ఎండను తట్టుకునే శక్తి ఎక్కువే గానీ, గాయమైతే మచ్చ నల్లగా మిగిలే స్వభావమూ ఎక్కువ. వాక్స్ కొంచెం వేడెక్కినా, బ్లాక్‌హెడ్ తీసేటప్పుడు గోరు దిగినా, చర్మం పై వరసను ఆమ్లంతో ఊడదీసే పీల్ ఒక్క నిమిషం ఎక్కువసేపు ఉంచినా తెల్లచర్మంలో వారానికి పోయే ఎరుపు మనకు నెలల తరబడి మచ్చగా ఉండిపోతుంది. పండ్ల ఆమ్లాలుగా పిలిచే గ్లైకాలిక్ వంటి వాటి విషయంలో అమెరికా నిపుణుల సంఘం ఇంటి వాడకానికి 10 శాతం, శిక్షణ పొందిన వారి చేతిలో 30 శాతం గరిష్ఠ పరిమితిగా సూచించింది. తడి గాలిలో చెమట, దాని మీద ఉప్పు, మే నెలలో నలభై దాటే ఎండ ఉన్న ఈ తీరంలో, పీల్ చేయించుకున్న అమ్మాయి స్కూటీ మీద మిట్టమధ్యాహ్నం ఇంటికి వెళ్తుందని గుర్తుంచుకుంటే ఆ అంకెలను కూడా చాలా జాగ్రత్తగా చూడవలసి వస్తుంది. వీడియో చూసి నేర్చుకున్న వారికి ఈ తేడా తెలిసే అవకాశం లేదు, ఆ వీడియోలో ముఖం సాధారణంగా మన ముఖం కాదు.

మూడోది శుభ్రత. నా దృష్టిలో సంస్థ స్థాయిని ఇట్టే పట్టి ఇచ్చేది ఇదే. నెల్లూరులో ఒక శిక్షణ తరగతిని ఆ మధ్య మూల కుర్చీలో కూర్చొని గంటసేపు చూశాను. త్రెడింగ్ నేర్పే ఆవిడ దారం కొసను పళ్ళ మధ్య పట్టుకుని, రెండో కొస వేళ్ళకు చుట్టి, అద్భుతమైన వేగంతో కనుబొమ్మ తీర్చింది. చుట్టూ నిలబడ్డ పిల్లలు కళ్ళార్పకుండా చూశారు. ఆ వేగం నేర్చుకోదగినదే, పంటి కింది దారం కాదు. అక్కడి లాలాజలం, ఇక్కడి చిన్న గాటు కలిస్తే పులిపిర్ల వైరస్ మొదలుకొని చాలావాటికి దారి దొరుకుతుంది. దారాన్ని మెడ వెనక తగిలించుకుని చేసే పద్ధతి ఉంది, నేర్చుకోవడానికి వారం ఎక్కువ పడుతుంది అంతే. తర్వాత బ్లాక్‌హెడ్ తీసే స్టీలు పుల్లను దూదితో తుడిచి, నీలం దీపం వెలిగే డబ్బాలో పెట్టి, మరో ముఖానికి తీశారు. ఆ అతినీల లోహిత డబ్బా శుభ్రం చేసిన పరికరాలను దాచుకోవడానికి పనికొస్తుంది గానీ పరికరాన్ని క్రిమిరహితం చెయ్యదు. హెపటైటిస్ బి వైరస్ ఎండిపోయిన రక్తంలో కనీసం 7 రోజులు బతికి ఉంటుంది. రక్తం తగిలిన లోహపు పరికరాన్ని ముందు సబ్బుతో కడిగి, ప్రెషర్ కుక్కర్ లాంటి ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల ఆవిరిలో 15 పౌండ్ల పీడనం మీద 15 నిమిషాలు ఉంచడమే నమ్మదగిన పద్ధతి. ఆటోక్లేవ్ లేని చోట వాడి పారేసేవే వాడాలి. ఇవి మెడికల్ కాలేజీ పాఠాలేమీ కావు, ఐటీఐ పుస్తకంలో ఉన్నవే.

నాలుగోది, అన్నిటికంటే కష్టమైనది, ఎక్కడ చెయ్యి ఆపాలో తెలియడం. మెడ చుట్టూ నల్లగా, మందంగా, మఖమలు గుడ్డలా మారిన చర్మంతో వచ్చి బాగా స్క్రబ్ చెయ్యమని అడిగే వారు ప్రతి పార్లరుకూ వస్తారు. అది మురికి కాదు. చాలాసార్లు ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచెయ్యకపోవడానికి గుర్తు. రుద్దితే పోదు సరికదా ఇంకా నలుపెక్కుతుంది, వెళ్ళవలసింది షుగరు పరీక్షకు. బుగ్గల మీద మంగు మచ్చలకు బ్లీచ్ పెడితే ముదురుతాయి. స్పర్శ లేని పాలిపోయిన మచ్చ కనిపిస్తే అది కుష్ఠు కావచ్చు. దానికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మందు ఉచితంగా దొరుకుతుంది, తొలి దశలో పడితే పూర్తిగా నయమవుతుంది. ఆకారం మారుతున్న, రక్తం కారుతున్న పుట్టుమచ్చా అంతే. మనిషి ముఖాన్ని, వీపును ఇంత దగ్గరగా, ఇంత వెలుగులో చూసేది డాక్టరు కంటే ముందు బ్యూటీషియనే. జబ్బు పేరు చెప్పడం ఆమె పని కాదు, కానీ ఇది నా పని కాదు, ఆస్పత్రికి వెళ్ళమ్మా అని చెప్పడం మాత్రం ఆమె పనే. వచ్చిన బేరాన్ని అలా వదులుకోవడం నేర్పే సంస్థలు తక్కువ.

ఈ గీత చట్టంలో కూడా ఉంది. 1940 నాటి ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం ప్రకారం రుద్దేది, పోసేది, చల్లేది, పూసేది సౌందర్య సాధనం. సూది ద్వారా ఒంట్లోకి ఎక్కించే బొటాక్స్ మందు. రిజిస్టర్డ్ వైద్యుడు కాకుండా వైద్యం చేస్తే జాతీయ వైద్య కమిషన్ చట్టం కింద ఏడాది వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా ఉండొచ్చు. రంగు తేలుతుందని వేసే గ్లూటాథయోన్ సూదులు, ముడతలు పూడ్చడానికి చర్మం కిందికి ఎక్కించే ఫిల్లర్లు నేర్పుతామనే మూడు రోజుల కోర్సు పదో తరగతి చదివిన పిల్లకు ఇచ్చేది ఉద్యోగం కాదు, కేసు. అంతకంటే మామూలుగా కనిపించే ప్రమాదం స్టెరాయిడ్ క్రీములది. రాత్రికి రాత్రే ముఖం మెరుస్తుందని కొన్ని పార్లర్లలో డబ్బాలోంచి తీసి ఇచ్చే మిశ్రమాల్లో అవి ఉంటాయి. మొదటి నెల ముఖం తేటగా ఉంటుంది. తర్వాత చర్మం పలచబడి, ఎర్రనాళాలు తేలి, అవాంఛిత రోమాలు మొలుస్తాయి. క్రీము మానితే ముఖం మండిపోతుంది కాబట్టి మానలేరు. ఈ ముఖాల కోసం మన దేశపు చర్మవైద్యులు ప్రత్యేకంగా ఒక పేరే పెట్టుకోవలసి వచ్చిందంటే సమస్య ఎంతదో ఊహించవచ్చు. 2018లో కేంద్రం చాలా స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చి, చీటీ లేకుండా అమ్మకూడదంది. చీటీ రాసే అధికారం బ్యూటీషియన్‌కు లేదు గనుక ఆ డబ్బా ఆమె షెల్ఫులో ఉండటమే తప్పు.

డబ్బు సంగతి క్లుప్తంగా. ఇంట్లో ఒక గదితో మొదలుపెట్టే వారికి బెడ్, స్టీమర్, భూతద్దం దీపం, ట్రాలీ, సరుకు కోసం ముద్ర పథకంలో శిశు విభాగం కింద 50,000 రూపాయల వరకు హామీ లేని రుణం దొరుకుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి సౌందర్య సేవల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది. ఏడాదికి 20 లక్షల లోపు రాబడి ఉన్న మామూలు పార్లరుకు అసలు రిజిస్ట్రేషనే అవసరం ఉండదు. పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో క్షురక వృత్తి ఉంది గానీ బ్యూటీషియన్ లేదు. ఒకే పనికి సంబంధించిన ఇద్దరిలో ఒకరినే వృత్తికారులుగా చూడటం ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. చర్మవైద్యుల క్లినిక్కుల్లో సహాయకులుగా చేరేవారికి ఐటీఐ గానీ బ్యూటీ థెరపిస్ట్ స్థాయి గానీ ఉంటే సరిపోతుంది, అయితే అక్కడ లేజర్ మీట నొక్కమన్నా పక్కన డాక్టరు ఉండి తీరాలి. మా అమ్మాయి అడిగిన ప్రశ్నకు నేను ఇవ్వగలిగిన దగ్గరి సమాధానం ఇది.

ఆ తర్వాతి వారం ఇద్దరం కలిసి ఆ మూడు కరపత్రాల్లో ఒక చోటికి వెళ్ళాం. రెండు ప్రశ్నలు రాసుకుని వెళ్ళమన్నాను: కోర్సు పూర్తయ్యేలోగా నేను ఎన్ని ముఖాలకు స్వయంగా పని చేస్తాను, వాడిన పరికరాలు ఎందులో వేస్తారు? కౌంటర్లో ఉన్న అమ్మాయి మొదటి ప్రశ్నకు కొంచెంసేపు ఆలోచించి, చివరి రోజున ఫోటోషూట్ ఉంటుందనీ, సర్టిఫికేట్ బంగారు అంచుతో లామినేట్ చేసి ఇస్తామనీ చెప్పింది. రెండో ప్రశ్నకు లోపలికి వెళ్ళి ఎవరినో అడిగి వస్తానంది. పావుగంట చూసి బయటికి వచ్చేశాం. ఇప్పుడు మా అమ్మాయి పదో తరగతి మార్కుల జాబితా పెట్టి ఐటీఐకి దరఖాస్తు చేసింది. పిలుపు వచ్చేదాకా కావలిలోనే ఒక పార్లరులో సహాయకురాలిగా కుదిరింది. మొదటి పదిహేను రోజులూ తువ్వాళ్ళు ఉతకడం, గిన్నెలు కడగడం, పుల్లలు ఉడకబెట్టడమే పని అని ఫోనులో విసుక్కుంది.